ఫోన్, ల్యాప్‌టాప్ రెండూ ఉన్న ఇంట్లో ట్యాబ్ అవసరమా?

మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. మీరు వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నారు. ఆఫీసు ఇచ్చిన 14 అంగుళాల ల్యాప్‌టాప్, పెద్ద తెర ఉన్న ఫోన్ ఉన్నాయి. ఎనిమిదో తరగతి చదువుతున్న అమ్మాయి, అనంతపురం నుంచి వచ్చి మీ దగ్గరే ఉంటున్న అమ్మగారు ఇంట్లో ఉన్నారు. పండుగ తగ్గింపుల్లో ముప్పై, ముప్పై అయిదు వేలలో ఒక ట్యాబ్ తీసుకుందామా అన్నది ఆలోచన, నాలుగు రోజులు వాడి మూలన పడేస్తామేమో అన్నది భయం. ల్యాప్‌టాప్‌కు బదులుగా అది పనికొస్తుందా, వైఫై ఉన్నది చాలా లేక సిమ్ వేసుకునేది కావాలా అని కూడా అడిగారు.

నేను బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్‌పీ రోడ్డు దగ్గర చాలా ఏళ్లుగా ల్యాప్‌టాప్‌లు, ట్యాబ్‌లు బాగుచేసే సర్వీసు సెంటరు నడుపుతున్నాను. కొత్త సామాను అమ్మను కాబట్టి మీరు కొన్నా కొనకపోయినా నాకు వచ్చే లాభం లేదు. రిపేరుకు వచ్చిన ప్రతి ట్యాబ్‌నూ విప్పేముందు, లోపల ఏముంది, దేనికి వాడుతున్నారు అని అడగడం మా పనిలో భాగం. డేటా జాగ్రత్త కోసం అడగక తప్పదు. ఆ జవాబులు వినీవినీ ఏర్పడిన అభిప్రాయాన్నే ఇక్కడ చెబుతున్నాను.

సూటిగా చెప్పాలంటే: నిలువు పేజీని పూర్తిగా ఒక్క చూపులో చదవడం, పేజీ మీద పెన్నుతో రాయడం, ఈ రెండింటిలో ఒక్కటైనా మీ ఇంట్లో ఎవరికో ఒకరికి దాదాపు రోజూ ఉండే పని అయితే ట్యాబ్ కొనండి, డబ్బు వృథా కాదు. వీడియోలు, వాట్సాప్, షాపింగ్, అప్పుడప్పుడూ ఆఫీసు మెయిల్ చూడడం కోసమే అయితే కొనవద్దు. మీ ఇంటి సంగతికి వస్తే, మీ కోసమని కొంటే అది వాడుకలో ఉండదు. మీ అమ్మాయి కోసం, ఆ తరువాత మీ అమ్మగారి కోసం కొంటే తప్పకుండా ఉంటుంది. ల్యాప్‌టాప్‌కు బదులుగా మాత్రం అది పనికిరాదు.

ఇలా అనడానికి కారణం కొలతల్లోనే ఉంది. ఏ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు, ఎత్తు 297 మిల్లీమీటర్లు. 6.7 అంగుళాల ఫోన్‌ను నిలువుగా పట్టుకుంటే తెర వెడల్పు 70 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. అంటే పేజీ మూడో వంతుకు కుదించుకుపోతుంది, 12 పాయింట్లలో అచ్చైన అక్షరం 4 పాయింట్లకు పడిపోతుంది. ఇక 14 అంగుళాల ల్యాప్‌టాప్ తెర వెడల్పుగా ఉంటుంది గానీ ఎత్తు 188 మిల్లీమీటర్లే. పేజీ మొత్తం ఒక్కసారి కనబడాలంటే దాన్ని 63 శాతానికి తగ్గించాలి, అప్పుడు అదే అక్షరం ఏడున్నర పాయింట్లవుతుంది. పైనా కిందా ఉండే మెనూ పట్టీలు ఆక్రమించే చోటు పోగా ఇంకా తగ్గుతుంది. 11 అంగుళాల ట్యాబ్‌ను నిలువుగా పట్టుకుంటే వెడల్పు, తెర నిష్పత్తిని బట్టి, 148 నుంచి 158 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి ఆ అక్షరం ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది పాయింట్ల దాకా నిలుస్తుంది. జేబు పుస్తకాల్లో అచ్చు దాదాపు ఆ పరిమాణంలోనే ఉంటుంది. ఒక పూర్తి పేజీని చూపించే విషయంలో 11 అంగుళాల ట్యాబ్ 14 అంగుళాల ల్యాప్‌టాప్‌ను మించిపోతుందన్న సంగతి చాలామంది గమనించరు, ఎందుకంటే పేజీ నిలువు, ల్యాప్‌టాప్ అడ్డం.

వెబ్‌పేజీలకు ఈ లెక్క వర్తించదు. అవి తెరను బట్టి సర్దుకుంటాయి, ఫోన్‌లోనూ హాయిగా చదవవచ్చు. సర్దుకోనివి పీడీఎఫ్‌లు, ముఖ్యంగా స్కాన్ చేసినవి: పాఠ్యపుస్తకాలు, పాత ప్రశ్నపత్రాలు, పరిశోధన పత్రాలు, బ్యాంకు నిబంధనల కాగితాలు, దినపత్రికల ఈ-పేపర్లు. తెలుగులో ఇబ్బంది మరింత ఎక్కువ. మన లిపిలో అక్షరం కింద ఒత్తు, పైన గుడి, తలకట్టు ఉంటాయి. పాత పుస్తకాన్ని స్కాన్ చేసిన పీడీఎఫ్‌ను ఫోన్‌లో తెరిచి చూడండి, 'స్త్ర' ఉన్నచోట కింద రెండు ఒత్తులూ కలిసిపోయి ఒక నల్లచుక్కగా కనిపిస్తాయి. వేళ్లతో పెద్దది చేసుకుంటే అక్షరం తెలుస్తుంది గానీ వాక్యం కుడివైపున తెర దాటిపోతుంది. ప్రతి పంక్తికీ కుడికి జరిపి మళ్లీ ఎడమకు లాక్కోవాలి. అలా పది పేజీలు చదివినవారు పదకొండో పేజీ చదవరు. చదువు ఆగిపోవడానికి బద్ధకమే కారణమని చాలా ఇళ్లలో పిల్లల్ని కోప్పడతారు, అసలు కారణం తెర వెడల్పు.

2010 జనవరి 27న తొలి ఐప్యాడ్‌ను చూపించినప్పుడు స్టీవ్ జాబ్స్ మీరు వేసిన ప్రశ్ననే వేశారు. ఫోన్‌కూ ల్యాప్‌టాప్‌కూ మధ్య మూడో పరికరానికి చోటుందా, ఉండాలంటే కొన్ని ముఖ్యమైన పనుల్లో ఆ రెండింటికంటే అది మెరుగ్గా ఉండి తీరాలి అన్నారు. బ్రౌజింగ్, ఈమెయిల్, ఫొటోలు, వీడియో, సంగీతం, ఆటలు, ఈ-పుస్తకాలు ఆయన చెప్పిన పనులు. అప్పటి ఐఫోన్ తెర 3.5 అంగుళాలే కాబట్టి ఆ మాట ఆనాటికి సరైనదే. ఈ పదిహేనేళ్లలో ఫోన్ తెర పెరుగుతూ వచ్చి ఆ పనుల్లో చాలా వాటిని తానే తీసుకుంది. పాటలు, మెయిల్, ఫొటోలు, వెబ్ అన్నీ ఫోన్‌కు చేరిపోయాయి. ట్యాబ్‌కు మిగిలింది నిండు పేజీ. దానికి తోడుగా పెన్ను వచ్చి చేరింది. ఆపిల్ పెన్సిల్ 2015లో వచ్చింది, 2018 నుంచి మామూలు ధర ఐప్యాడ్‌లోనూ పనిచేయడం మొదలైంది. అందుకే ఈనాడు ట్యాబ్ కొనాలా వద్దా అన్న తీర్పును 2010 నాటి జాబితాను పట్టుకుని చెప్పకూడదని నా అభిప్రాయం.

పెన్ను విషయం కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. రెండు, మూడు వందలకు దొరికే రబ్బరు మొన స్టైలస్ నిజానికి వేలికి బదులు మాత్రమే. అరచెయ్యి తెరకు ఆనితే అది కూడా గీతగానే పడుతుంది, కాబట్టి చెయ్యి గాలిలో పెట్టి రాయాల్సి వస్తుంది. రాసేందుకు పనికొచ్చే పెన్నుల్లో తెరకు పెన్ను వేరుగా, చెయ్యి వేరుగా తెలుస్తుంది. శామ్‌సంగ్ ఎస్ పెన్‌లో తెర కింద ఒక ప్రత్యేకమైన పొర ఉంటుంది. అదే పెన్నుకు విద్యుదయస్కాంత శక్తిని అందిస్తుంది కాబట్టి రాయడానికి పెన్నులో బ్యాటరీ అవసరం లేదు. ఆపిల్ పెన్సిల్‌లో బ్యాటరీ ఉంటుంది, చార్జింగు పెట్టుకోవాలి. ఈ రెండూ గానీ, ఆ ట్యాబ్ తయారీదారే దాని కోసం చేసిన పెన్ను గానీ తీసుకోండి. ఆ పొర లేని ట్యాబ్‌కు తరువాత ఎంత డబ్బు పెట్టినా ఎస్ పెన్ పనిచేయదు. శామ్‌సంగ్‌లో తక్కువ ధర ఏ9 ప్లస్ వంటివాటికి ఆ సదుపాయం లేదు, ఎస్ శ్రేణిలో ఉంది, పెన్ను కూడా పెట్టెలోనే వస్తుంది.

నా దగ్గరికి వచ్చిన ట్యాబ్‌ను చూసి దాన్ని దేనికి వాడుతున్నారో చాలాసార్లు అడగకుండానే చెప్పగలను. రాసేవారి ట్యాబ్ మీద స్క్రీన్‌గార్డు అంతటా ఒకేలా అరగదు. అరచెయ్యి ఆనే కుడి వైపు కింది భాగం నున్నగా తేలిపోయి, మిగతాది కొత్తగా ఉంటుంది. పెన్ను మొన ఏటవాలుగా అరిగి ఉంటుంది. వీడియోలకే పరిమితమైన ట్యాబ్‌లో చార్జింగు పోర్టు వదులవుతుంది, ఎందుకంటే చార్జింగులో పెట్టి పక్క మీద పడుకుని చూస్తారు, వైరు మీద బరువు పడుతుంది. మొదటి రకం ట్యాబ్ రిపేరుకు ఇచ్చినవారు సాయంత్రానికల్లా ఫోన్ చేసి ఎప్పుడిస్తారని అడుగుతారు. రెండో రకం ట్యాబ్‌లు కొన్ని మా అలమరలో నెలల తరబడి ఉండిపోతాయి, యజమానికి గుర్తుచేసినా వచ్చి తీసుకువెళ్లరు.

మారతహళ్లిలో ఇంటి దగ్గర లెక్కలు చెప్పే ఒక టీచరమ్మ ట్యాబ్ నాకు బాగా పరిచయం. ఆవిడది చిత్తూరు జిల్లా. తెరను రెండుగా చేసి ఎడమవైపు పాఠ్యపుస్తకం పీడీఎఫ్, కుడివైపు ఖాళీ నోటుబుక్కు పెట్టుకుంటారు. పిల్లవాడు ఇంటి నుంచి లెక్క ఫొటో తీసి పంపితే, ఆ ఫొటో మీదే ఎర్ర సిరాతో తప్పు జరిగిన మెట్టు దగ్గర సున్నా చుట్టి, పక్కన సరైన మెట్టు రాసి తిరిగి పంపుతారు. ఆ పనిని ఫోన్‌లో చేయడానికి చోటు చాలదు, ల్యాప్‌టాప్‌లో మౌసుతో వర్గమూలం గుర్తు గీయడం ఎవరివల్లా కాదు. ఆవిడకు ల్యాప్‌టాప్ ఉంది, మంచి ఫోన్ ఉంది, అయినా ట్యాబ్ ఒక్కరోజు లేకపోతే పాఠం ఆగిపోతుంది. హొసకోటె వైపు కట్టడాలు చూసే ఒక సైటు ఇంజనీరుదీ ఇదే పరిస్థితి. కట్టడం ప్లాన్లను ట్యాబ్‌లో తెరిచి, మార్చిన కొలతలను అక్కడికక్కడే రాసి ఆఫీసుకు పంపుతాడు. సైటులో నిలబడి ల్యాప్‌టాప్ తెరవడానికి బల్ల ఎక్కడ ఉంటుంది?

మీ అమ్మాయి విషయంలో నేను కొనమనడానికి కారణం ఇదే. ఎనిమిదో తరగతి నుంచి జామెట్రీ, బీజగణితం బరువెక్కుతాయి, వర్క్‌షీట్లు పీడీఎఫ్‌లుగా వస్తాయి, తొమ్మిది, పది తరగతుల్లో పాత ప్రశ్నపత్రాల సాధన మొదలవుతుంది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడి పిల్లలకు ట్యాబ్‌లు పంచినప్పుడు కూడా ఎనిమిదో తరగతినే ఎంచుకుంది, పాఠాలను ముందే అందులో నింపి ఇచ్చింది. పాఠాలు ముందే నింపడం అన్న ఆ పద్ధతిని మీరు ఇంట్లోనూ పాటించండి. పుస్తకాలు, ప్రశ్నపత్రాలు అన్నీ దించిపెట్టి, చదివే వేళ వైఫై ఆపేయండి. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలన్నీ ఆ సంస్థ వెబ్‌సైటులో అధ్యాయాల వారీగా ఉచితంగానే దొరుకుతాయి. గూగుల్ ఫ్యామిలీ లింక్ వంటి సదుపాయంతో ఏ యాప్ ఎంతసేపు అన్నది ముందే నిర్ణయించండి. పెట్టె తెరిచిన మొదటి రోజే ఆ ఏర్పాటు చేయాలి. ఒకసారి ఆటలు, రీల్స్ అలవాటయ్యాక తీసేయడం తల్లిదండ్రులకూ పిల్లలకూ యుద్ధమే అవుతుంది, ఆ బాధ పడుతున్న ఇళ్లు నాకు చాలా తెలుసు. పరీక్షలో రాయాల్సింది కాగితం మీదే కాబట్టి లెక్కల సాధనలో సగమైనా కాగితం మీద చేయించడం కూడా అవసరం.

అమ్మగారి విషయం వేరు. ఫోన్‌లో ఈ-పేపరు చదవలేక పక్కన పెట్టేసిన పెద్దవారు ట్యాబ్ వచ్చాక మళ్లీ రోజూ పేపరు చదవడం నేను చాలా ఇళ్లలో చూశాను. బెంగళూరులో తెలుగు పేపరు మన వీధికి వస్తుందో రాదో నమ్మకం లేదు, వచ్చినా సొంత జిల్లా పేజీ రాదు; ఈ-పేపర్‌లో అనంతపురం ఎడిషన్ ఎంచుకుని చదువుకోవచ్చు. అయితే ఒక జాగ్రత్త తీసుకోవాలి. 11 అంగుళాల ట్యాబ్ బరువు సుమారు అరకిలో ఉంటుంది, కవరు వేస్తే ఇంకా పెరుగుతుంది. వయసు మీద పడినవారు దాన్ని చేత్తో పట్టుకుని అరగంట చదవలేరు, మణికట్టు నొప్పి పుడుతుంది, కిందపడి గ్లాసు పగిలే ప్రమాదమూ ఉంది. బల్ల మీద నిలబెట్టే గట్టి స్టాండు తప్పనిసరిగా కొనండి. వాట్సాప్‌ను ఆవిడ ఫోన్ నంబరుకు అనుసంధానం చేసి ట్యాబ్‌లో పెట్టవచ్చు. ఐప్యాడ్‌కు సొంత వాట్సాప్ యాప్ 2025 మేలో వచ్చింది. యూపీఐ చెల్లింపులు మాత్రం ఫోన్‌లోనే ఉంచండి. యూపీఐ యాప్ నమోదు కావాలంటే ఆ పరికరంలోని సిమ్ నుంచే ఎస్సెమ్మెస్ వెళ్లాలి, వైఫై ట్యాబ్‌లో అది కుదరదు.

ఒకే ట్యాబ్‌ను ఇద్దరు వాడాలనుకుంటే ఇంకో సంగతి చూసుకోవాలి. చాలా ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలో, శామ్‌సంగ్‌తో సహా, ఒక్కొక్కరికి వేరే యూజర్ ఖాతా పెట్టవచ్చు. అమ్మగారి వాట్సాప్ అమ్మాయికి కనబడదు, అమ్మాయి నోట్సు అమ్మగారి చేతిలో చెరిగిపోదు. ఐప్యాడ్‌లో ఇళ్లలో వాడేవారికి ఆ సదుపాయం లేదు, విద్యాసంస్థల వంటివాటికే ఉంది. మీ ఇంటికి ఈ ఒక్క కారణం చేతనే నేను ఆండ్రాయిడ్ వైపు మొగ్గు చూపుతాను.

ఇప్పుడు మీ సంగతి. ల్యాప్‌టాప్ ఉంది అన్నారు, కానీ అది మీది కాదు, సంస్థది. ఉద్యోగం మారిన రోజున అప్పజెప్పి వచ్చేస్తారు. పైగా సంస్థలు వాటిలో తమ నియంత్రణ సాఫ్ట్‌వేర్ పెడతాయి, పెన్‌డ్రైవ్ పనిచేయదు, కొన్ని వెబ్‌సైట్లు తెరుచుకోవు, ఏ ఫైలు ఎక్కడికి వెళ్లిందన్నది నమోదవుతుంది. సొంత రెజ్యూమె, ఆస్తి కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు అందులో పెట్టుకోవడం మంచిది కాదు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల ఇళ్లలో తరచుగా కనిపించే లోటు ఇదే: ఇంట్లో రెండు ఆఫీసు ల్యాప్‌టాప్‌లు ఉంటాయి, సొంత కంప్యూటరు ఒక్కటీ ఉండదు. ఆ లోటును ట్యాబ్ తీర్చదు. డిజిటల్ సంతకం యూఎస్‌బీ టోకెన్ పెట్టి దాఖలు చేయాల్సిన పనులు, మాక్రోలు (పనులను వాటంతటవే చేసే చిన్న ప్రోగ్రాములు) ఉన్న ఎక్సెల్ ఫైళ్లు, ఒకేసారి నాలుగు పత్రాలు తెరిచి సరిచూసుకునే పనులు, కోడింగ్ సాధన, ఇవన్నీ కంప్యూటరు పనులే. ట్యాబ్‌లోని ఎక్సెల్‌లో మాక్రోలు నడవవు. మీకు సొంతానికి ఏదైనా కావాలంటే ముందు ఒక మామూలు ల్యాప్‌టాప్ తీసుకోండి, మంచి స్థితిలో ఉన్న పాతదైనా సరే. ట్యాబ్ ఆ తరువాతి మాట.

కీబోర్డు కవరు తగిలిస్తే ట్యాబే ల్యాప్‌టాప్ అవుతుంది కదా అని చాలామంది అడుగుతారు. బరువులు చూస్తే, 11 అంగుళాల ట్యాబ్, గట్టి కీబోర్డు కవరు కలిసి కిలో దాకా వస్తాయి. 13 అంగుళాల మ్యాక్‌బుక్ ఎయిర్ బరువే 1.24 కిలోలు. ధరలు చూస్తే తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. 2025 మార్చిలో వచ్చిన ఏ16 చిప్ ఐప్యాడ్ విడుదల ధర 34,900 రూపాయలు, అప్పట్లో దానికి యూఎస్‌బీ-సి పెన్సిల్ 7,900, ఆపిల్ సొంత కీబోర్డు 24,900. మూడూ కలిస్తే 67,700 రూపాయలు. ఆ డబ్బుకు మంచి ల్యాప్‌టాప్ వస్తుంది. కాబట్టి ట్యాబ్‌తో పాటు పెన్ను, స్టాండు, గట్టి కవరు, ఇంతవరకే లెక్క వేసుకోండి. కీబోర్డు కావాలనిపించిందంటే మీకు కావాల్సింది ల్యాప్‌టాప్ అని గ్రహించండి. మీరు అనుకున్న ముప్పై అయిదు వేలలో పెన్ను ఖర్చు కూడా ఇమడాలన్న మాట మరిచిపోవద్దు.

మూలన పడుతుందేమోనన్న మీ భయం సరైనదే, పడితే జరిగేది డబ్బు వృథా ఒక్కటే కాదు. లిథియం బ్యాటరీ వాడకపోయినా నెమ్మదిగా చార్జి కోల్పోతుంది. సున్నాకు చేరి నెలల తరబడి అలాగే ఉండిపోతే లోపలి కణం వోల్టేజి మరీ పడిపోయి, మళ్లీ చార్జి ఎక్కని స్థితికి వస్తుంది. కొన్ని ఉబ్బుతాయి కూడా. వేసవి సెలవుల తరువాత మా దగ్గరికి వచ్చే 'ఆన్ కావడం లేదు' ట్యాబ్‌లలో చాలావాటికి ఇదే జబ్బు. వాడని ట్యాబ్‌ను సుమారు 50 శాతం చార్జితో ఆఫ్ చేసి, చల్లని చోట పెట్టి, ఆరు నెలలకోసారి తీసి మళ్లీ సగం దాకా ఎక్కించాలి. తెర ఒక అంచున పైకి లేచినా, వెనుక భాగం ఉబ్బినా వెంటనే చార్జింగు ఆపేయండి, నొక్కి సరిచేయాలని చూడకండి, దుకాణానికి తీసుకువెళ్లండి. రోజూ వాడే బ్యాటరీ గురించి బెంగపడనవసరం లేదు. ఐప్యాడ్ బ్యాటరీ 1000 పూర్తి చార్జి చక్రాల తరువాత కూడా మొదటి సామర్థ్యంలో 80 శాతం దాకా నిలుపుకునేలా తయారవుతుందని ఆపిల్ చెబుతుంది. వాడకం కంటే వాడకపోవడమే ట్యాబ్‌ను త్వరగా చంపుతుందని నా అనుభవం.

కొనేటప్పుడు దుకాణంలో చూడవలసినవి కొన్ని ఉన్నాయి. మొదటిది తెర నిష్పత్తి. చదువు కోసం అయితే పొడవుగా సన్నగా ఉండే 16:10 కంటే, వన్‌ప్లస్ ప్యాడ్‌లో ఉన్న 7:5 గానీ, ఐప్యాడ్‌లో ఉన్న దాదాపు అలాంటి నిష్పత్తి గానీ మేలు, అవి ఏ4 కాగితానికి దగ్గర. సినిమాలకు 16:10 బాగుంటుంది, కానీ మీరు కొంటున్నది సినిమాల కోసం కాదు. 8 అంగుళాలవి పేజీ చదవడానికి సరిపోవు, అవి పెద్ద ఫోన్‌లే. రెండోది మెమరీ: ర్యామ్ 6 జీబీకి, నిల్వ 128 జీబీకి తగ్గకుండా చూడండి (ఐప్యాడ్‌కు ర్యామ్ లెక్క వేరు, దాన్ని పట్టించుకోనవసరం లేదు). చౌక ట్యాబ్‌లలో ఉండే ఈఎమ్‌ఎమ్‌సీ నిల్వ మొదట్లో బాగానే ఉండి, నిండేకొద్దీ మొరాయిస్తుంది; యూఎఫ్‌ఎస్ నిల్వ ఉన్నది అడగండి. మూడోది, ఎన్నేళ్లు భద్రతా అప్‌డేట్లు ఇస్తారన్నది. 2018లో వచ్చిన ఆరో తరం ఐప్యాడ్‌కు దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్లు 2023 నాటి ఐప్యాడ్ ఓఎస్ 17 దాకా అందాయి. ఆండ్రాయిడ్‌లో కంపెనీని బట్టి, మోడల్‌ను బట్టి ఇది చాలా మారుతుంది, పెట్టె కొనేముందే కంపెనీ వెబ్‌సైటులో చూసుకోవాలి. ఓటీటీలో సినిమాలు కూడా చూస్తామంటే, ఆ మోడల్‌కు వైడ్‌వైన్ (వీడియోలు కాపీ కాకుండా కాపాడే గూగుల్ ఏర్పాటు) ఎల్1 అనుమతి ఉందో లేదో తెలుసుకోండి. ఎల్3 మాత్రమే ఉన్న చౌక ట్యాబ్‌లో తెర ఎంత నాణ్యమైనదైనా నెట్‌ఫ్లిక్స్ వంటివి మసక బొమ్మే చూపిస్తాయి.

రిపేరు చేసేవాడిగా ఒక్క విషయం అదనంగా చెబుతాను. కొన్ని ట్యాబ్‌లలో పైగ్లాసు, లోపలి డిస్‌ప్లే విడివిడిగా ఉంటాయి. మామూలు ఐప్యాడ్ అలాంటిదే. కిందపడి గ్లాసు పగిలితే గ్లాసు ఒక్కటే మార్చవచ్చు, ఖర్చు తక్కువ. ఐప్యాడ్ ఎయిర్ వంటివాటిలో రెండూ అతికి ఉంటాయి కాబట్టి కాంబో మొత్తం మార్చాలి, ఒక్కోసారి ఆ ఖర్చు ట్యాబ్ పాత ధరకు దగ్గరగా వెళుతుంది. విడిగా ఉన్నదాంట్లో లోపం ఏమిటంటే, గ్లాసుకూ డిస్‌ప్లేకూ మధ్య సన్నని ఖాళీ ఉంటుంది, పెన్ను మొనకు కొంచెం కింద గీత పడుతున్నట్లు అనిపిస్తుంది. చిత్రలేఖనం చేసేవారికి అది ఇబ్బంది. లెక్కలు రాసే ఎనిమిదో తరగతి అమ్మాయి రెండు రోజుల్లో అలవాటు పడిపోతుంది. ఇంట్లో పిల్లలు వాడే ట్యాబ్‌కు గ్లాసు విడిగా మారేదే మంచిదని నేను చెబుతాను.

ఎస్‌పీ రోడ్డులో గానీ, ఆన్‌లైన్‌లో గానీ పాతది తీసుకోవాలన్న ఆలోచన ఉంటే, ముందు యజమాని ఖాతా పూర్తిగా తీసేశారో లేదో చూడండి. మీ ఎదుటే ఫ్యాక్టరీ రీసెట్ చేయించి, మళ్లీ ఆన్ చేసినప్పుడు పాత ఆపిల్ లేదా గూగుల్ ఖాతా పాస్‌వర్డు అడగకుండా మొదటి పేజీకి వెళితేనే డబ్బు ఇవ్వండి. అలా పాత ఖాతాతో తాళం పడినదాన్ని మేము ఎవరమూ న్యాయంగా తీయలేము. తెల్లటి పేజీ తెరిచి మచ్చలు చూడండి, పెన్నుతో అంచు నుంచి అంచుకు వాలుగా గీతలు గీసి ఎక్కడైనా తెగుతున్నాయేమో చూడండి. ట్యాబ్‌ను బల్ల మీద పడుకోబెడితే ఊగకూడదు. ఊగిందంటే బాడీ వంగిందో, బ్యాటరీ ఉబ్బిందో అనుకోవాలి.

చివరగా వైఫైయా, సిమ్మా అన్నది. మీకు వైఫై చాలు. ఇంట్లో ఎలాగూ నెట్ ఉంది, బయట ఫోన్ హాట్‌స్పాట్ ఉంది. సిమ్ మోడల్ మీద పెట్టే అదనపు వేలు, ప్రతి నెలా అదనపు రీచార్జి పెన్నుకూ స్టాండుకూ పెట్టండి. సైటులో తిరిగే ఆ ఇంజనీరు లాంటివారికి మాత్రం సిమ్ ఉన్నదే కావాలి, అందులోనూ ఐప్యాడ్ తీసుకుంటే తప్పనిసరి, ఎందుకంటే వైఫై ఐప్యాడ్‌లో జీపీఎస్ ఉండదు. కొనేముందు మీ అమ్మాయి బడి నుంచి వచ్చిన ఒక పీడీఎఫ్ వర్క్‌షీటును ఫోన్‌లో దించుకుని దుకాణానికి వెళ్లండి. అక్కడ ప్రదర్శనకు పెట్టిన ట్యాబ్‌లో దాన్ని తెరిచి, ఒక లెక్కను పెన్నుతో అమ్మాయి చేతే పూర్తిగా చేయించండి. అమ్మగారిని కూడా తీసుకువెళ్లి ఈ-పేపరు అనంతపురం పేజీ తెరిచి, కళ్లజోడుతో ఆవిడ ఎంత దూరం నుంచి చదవగలుగుతున్నారో చూడండి. ఆ తరువాత రెండు మూడు మోడళ్ల పేర్లు ఇక్కడ రాస్తే, వాటిలో ఏది సులువుగా రిపేరవుతుందో, దేనికి విడిభాగాలు ఇక్కడ దొరుకుతాయో చెబుతాను.